ఐదున్నర గడిలో టిక్కు

"దీనికి మూత్రపిండాల జబ్బు గానీ ఉందేమో, ఎవరైనా కనుక్కున్నారా?" అన్నాను. కుక్కపిల్ల అట్టపెట్టెలోంచి ఇంకా తల కూడా బయటపెట్టలేదు.

మా అమ్మాయి పెట్టెను గుమ్మం లోపల దించి నడుం పట్టుకుంది. "అమ్మా, దానికి మూడు నెలలు. ముందు నీ భయాలు దానికి అంటుకోకుండా చూడు."

"వేపుడు గిన్నెలో పడుతుందేమో, మెట్ల మీంచి జారుతుందేమో, అవీ ఇప్పుడే అడిగేసెయ్యి. ఒకేసారి అయిపోతాయి," అన్నారు మా ఆయన.

అవి కూడా నా మనసులో ఉన్నాయి. 

అమ్మాయి కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది. అక్కడ తోటి పిల్ల వాళ్ల కుక్క ఈనితే ఒకదాన్ని ముద్దుగా తెచ్చుకుంది. డాక్స్‌హండ్ అనే జాతి. కాళ్లు అగ్గిపుల్లలంత, నడుము అంతు లేనంత. నడుస్తుంటే పొట్టకూ నేలకూ మధ్య రెండు వేళ్ల సందు. ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. రెండు రోజులు దాని నడక చూసి "గూడ్సు" అని పేరు పెట్టారు. పొడుగ్గా ఉంటుంది, నిదానంగా కదులుతుంది, ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో దానికే తెలియాలి.

మేముండేది పై వాటా. కింద ఇంటావిడ ఉంటుంది. ఆవిడ ముక్కుకు పోలీసు ఉద్యోగం ఇవ్వొచ్చు. గూడ్సు వచ్చిన మర్నాడే పైకి వచ్చి గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నెల రోజులు చూస్తానమ్మా. లోపల ఉచ్చ పోయడం మానితే ఉండనివ్వండి. మానకపోతే కుక్కన్నా వెళ్లాలి, మీరన్నా వెళ్లాలి."

ఇల్లు వదలడమంటే నాకు మాటలు కాదు. ముందుగదే నా దుకాణం. ప్యాంట్ల కింద అంచులు మడవడం, జిప్పులు మార్చడం, బిగుతైన నడుములు వదులు చెయ్యడం, అన్నీ ఆ కిటికీ పక్కన మిషను మీదే. చుట్టుపక్కల నాలుగు వీధులవాళ్లకు ఈ మెట్లు అలవాటు. ఇల్లు మారితే నా పని మళ్లీ మొదటి కుట్టు నుంచి మొదలు. పోనీ కుక్కను పంపిద్దామా అంటే, అప్పటికే అది మధ్యాహ్నాలు మిషను తొక్కే నా కాలి మీద గడ్డం ఆనించి పడుకోవడం మొదలుపెట్టింది. తొక్కుడుకి దాని చెవులు ఊగేవి. అయినా లేచేది కాదు.

పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను. "నిద్ర లేవగానే, తిన్నాక, ఆడాక బయటికి తీసుకెళ్లండి. ఎప్పుడూ ఒకే చోటికి. చేసిన క్షణమే మెచ్చుకోండి. లోపల చేస్తే తిట్టొద్దు, తుడిచెయ్యండి. ఈ జాతి మహా మొండిది, ఓపిక పట్టాలి," అని చెప్పింది.

బట్టల కొలతలు గీసుకునే ఖాకీ కాగితం మీద నేనే గడులు గీశాను. తెల్లారి ఐదున్నర ఆయనది, డ్యూటీకి వెళ్లేముందు. మధ్యాహ్నం ఒంటిగంట అమ్మాయిది, భోజనానికి వచ్చినప్పుడు. మిగతావన్నీ నావి. బయట పోస్తే టిక్కు, పోయకపోతే ఇంటూ. కాగితాన్ని వంటగది తలుపుకు పిన్నులతో గుచ్చి, పెన్సిలుకు దారం కట్టి వేలాడదీశాను.

"పరీక్షలకు హాల్ టికెట్లు కూడా ఇస్తావా?" అంది అమ్మాయి.

"తప్పితే ఇల్లు ఖాళీ. నవ్వు, బాగా నవ్వు."

అవి ముసురు రోజులు. పెరటి మూల గడ్డి దాని చోటు. నేను తీసుకెళ్లినప్పుడు ఆ మహారాణి గడ్డి అంచున నిలబడి గాలి వాసన చూసేది, గేటు వాసన చూసేది, నా చెప్పు వాసన చూసేది. పావుగంట గడిచాక ఏమీ తెలియనట్టు మెట్ల వైపు తిరిగేది. ఒక పూట టిక్కు, రెండు పూటలు ఇంటూ. మొదటిరోజు పోతే ఆయన గడిలో మాత్రం రోజూ టిక్కే. అమ్మాయి గడిలోనూ అంతే.

"మీకు పోస్తుంది, నాకెందుకు పోయదు?" అని అడిగాను.

"నువ్వు దాని మొహంలోకి అలా చూస్తుంటే నాకే రాదు," అన్నారు ఆయన.

నవ్వుకున్నాను కూడా. నా చేతికి అలవాటైన పని ఒకటుంది. సుద్దతో గీత ఎక్కడుంటే అక్కడ కత్తెర పెట్టడం. గీత సరైనదా కాదా అని నడుమ ఆగి ఆలోచిస్తే పని సాగదు. ఆ కాగితాన్నీ అలాగే నమ్మాను. ఐదున్నరకు రోజూ అవుతోంది కాబట్టి నా ఏడింటి వంతు తీసేశాను. ఒంటిగంటకు అవుతోంది కాబట్టి రెండింటి వంతు తీసేశాను.

ఇక చూడండి. సరిగ్గా ఏడున్నరకు ముందుగదిలో మడుగు. రెండు దాటగానే మిషను కింద మడుగు. ఒకరోజు బడి టీచరమ్మ బూడిదరంగు కోటు లోపలి అస్తరు విప్పి చాప మీద పరిచి, దారం కోసం లేచాను. తిరిగొచ్చేసరికి గూడ్సు దాని మధ్యలో కూర్చుని, పని ముగించి, నా వైపు ప్రశాంతంగా చూస్తోంది. ఉతికి, ఆరబెట్టి, మూడుసార్లు ఇస్త్రీ చేశాను. టీచరమ్మ కోటు ముక్కు దగ్గర పెట్టుకుని, "వానాకాలం కదా," అని మర్యాదగా అంది. 

బయట పోసొచ్చి మళ్లీ లోపల పోస్తోందంటే ఒంట్లో ఏదో ఉండాలి. చక్కెర జబ్బేమో, రాయేమో. మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. పరీక్షలు చేసి, "ఏ జబ్బూ లేదు, గుర్రంలా ఉంది," అంది. అప్పుడు నాకింకో సంగతి తోచింది. జబ్బు కాకపోతే కావాలనే చేస్తోందన్నమాట. ఒళ్లో పెట్టుకుని చూసుకుంటున్నదాని ఇంట్లోనే, ఆ ఇంటి అన్నానికే ఎసరు పెడుతోంది. దాంతో మాట్లాడటం మానేశాను. కాలి మీద గడ్డం పెట్టబోతే కాలు లాక్కున్నాను.

ఇంకోటి కూడా చేశాను. చెప్పుకోవడానికి నోరు రావడం లేదు. నీళ్ల గిన్నె తీసేశాను. రోజుకు రెండుసార్లు, అదీ కొలిచి పోశాను. తక్కువ తాగితే తక్కువ పోస్తుందనుకున్నాను. నేల తుడిచి పెట్టిన తడిగుడ్డను అది మూలన కూర్చుని చప్పరించడం ఒకసారి చూశాను. చూసి, గుడ్డను పైన దండెం మీద వేశాను.

గడువుకు ఇంకో వారం ఉందనగా, మంగళవారం భోజనాల దగ్గర అన్నాను. "ఇక నా వల్ల కాదు. ఆదివారం పంపించేద్దాం. డాక్టరమ్మ దగ్గరికి వచ్చే ఒకాయనకు తోట ఉందట, తీసుకుంటానన్నాడు."

ఆయన మజ్జిగ గ్లాసు వైపు చూశారు. "నీ ఇష్టం," అన్నారు.

అమ్మాయి తలొంచుకుని కంచంలో వేలు తిప్పింది. ముచ్చటపడి తెచ్చుకున్న పిల్ల, దుఃఖం మింగుతోందనుకుని నేనే అమ్మాయి వీపు నిమిరాను.

శుక్రవారం ఇంటావిడ మెట్ల దగ్గర ఎదురైంది. ఆవిడ నోరు తెరవకముందే చెప్పేశాను. "పంపించేస్తున్నామండి, ఎల్లుండే. ఎంత నేర్పినా రాలేదు."

ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ముక్కు మీద వేలేసుకుంది.

"అదేంటమ్మా, నేల మీద దించకుండా ఎలా వస్తుంది?"

"దించకపోవడం ఏంటండీ?"

"మీ ఆయన పొద్దున్నే దాన్ని చంకలో పెట్టుకుని మెట్ల కింద నిలబడతారు కదా! నేను కాఫీ తాగుతూ రోజూ చూస్తాను. ఐదు నిమిషాలు వాన చూస్తారు, పైకెక్కేస్తారు. మీ అమ్మాయి దించుతుంది గానీ, అది తడిలో కాలు పెట్టనంటే ఫోను చూసుకుంటూ ఉంటుంది. దాని పొట్ట గడ్డికి తగులుతుంది మరి, పాపం. మనకైతే ఒప్పుతామా?"

"మీరు పొరబడ్డారేమోనండి."

"కుక్క విషయంలో నేను పొరబడతానా?" అంది. నొచ్చుకుని కాదు, జాలిగా. "కావాలంటే ఇంకో పదిహేను రోజులు చూడండి. నేనేమీ రాక్షసిని కాను."

ఇన్నాళ్లూ ఎవరి అడుగుల చప్పుడుకు గుండె ఝల్లుమనేదో, ఆవిడే నాకు ఉన్నమాట చెప్పింది.

నమ్మలేదు. శనివారం తెల్లారి ఆయన తలుపు తీసిన చప్పుడయ్యాక లేచి, చెప్పులు లేకుండా మెట్ల మలుపులో కిటికీ దగ్గర నిలబడ్డాను. బయట జల్లు. ఆయన గూడ్సును చంకలో ఇరికించుకుని గోడకు ఆనుకున్నారు. అది మెడ చాచి గడ్డి వైపు చూసింది. "వెళ్తావా? వెళ్లవుగా. నాకు తెలుసులే," అన్నారు దానితో. గడియారం చూసుకున్నారు, ఆవులించారు, వెనక్కి తిరిగారు. నేను గబగబా వచ్చి పడుకుని కళ్లు మూసుకున్నాను. వంటగది తలుపు దగ్గర దారానికి కట్టిన పెన్సిలు చెక్కకు టక్కున తగిలిన చప్పుడు వినిపించింది.

ఇరవై ఆరేళ్ల కాపురంలో దొంగనిద్ర నటించడం అదే మొదటిసారి.

ఆయన వెళ్లగానే దాన్ని ఎత్తుకుని కిందికి దిగాను. పక్కన కొత్త గోడ కడుతున్నారు, రేకు కింద ఇసుక పోసి ఉంది, పొడిగా. అక్కడ దించాను. రెండు చుట్లు తిరిగింది. కూర్చుంది. ఎంతసేపు పోసిందో! పోస్తూ నా మొహంలోకే చూసింది. "మంచిదానివి, మంచిదానివి," అని మెచ్చుకోవాలని డాక్టరమ్మ చెప్పింది. నేను దాన్ని గబుక్కున ఎత్తుకున్నాను. పైకొచ్చి ముందు నీళ్ల గిన్నె నింపాను. తలెత్తకుండా అంతా తాగింది.

తోటాయనకు ఫోను చేసి రావద్దని చెప్పాను. ఆ రోజంతా ముళ్ల మీద ఉన్నట్టు కూర్చుని, కొలత తప్పి ఒక ప్యాంటుకు రెండు కాళ్లూ పొట్టి చేసేశాను.

సాయంత్రం ఇద్దరూ వచ్చి కాఫీకి కూర్చున్నాక, తలుపుకున్న కాగితం పిన్నులతో సహా ఊడబీకి బల్ల మీద పరిచాను.

"ఇందులో నిజమైనవి ఏవి?"

ఆయన కాగితం వైపు చూసి నవ్వబోయారు. "ఏంటిది, ఆడిటింగా?"

"నేను పొద్దున కిటికీ దగ్గరున్నాను."

నవ్వు ఆగిపోయింది. అమ్మాయి కప్పు కింద పెట్టింది.

"అది తడిలో దిగదు. నేనేం చెయ్యను?" అన్నారు ఆయన.

"దిగలేదని ఇంటూ పెట్టొచ్చుగా?"

"పెట్టాను. మొదటిరోజు పెట్టాను, చూడు." చూశాను. మొదటి గడిలో నిజంగానే ఇంటూ ఉంది. "ఆ రోజు డిపోకు నాలుగుసార్లు ఫోను చేశావు. పోసిందా లేదా, పొట్ట ఉబ్బిందా, రాయి అడ్డుపడిందా అని. బస్సు కింద పడుకుని ఉన్నాను నేను. పైనుంచి మావాళ్లు 'మీ కుక్క ఉచ్చ గురించి ఫోను' అని కేకలు. మర్నాటి నుంచి టిక్కు పెట్టాను. ఇంట్లో ప్రశాంతంగా ఉంది."

"ఎవరికి ప్రశాంతం? దాని నీళ్లు ఆపాను నేను, మీ టిక్కులు నమ్మి. దండెం మీద వేశాను తడిగుడ్డ!"

"గుడ్డేంటి?" అన్నారు ఆయనకు అర్థం కాక.

"నువ్వు?" అన్నాను అమ్మాయితో.

"నాన్న పెడుతున్నారని నేనూ పెట్టాను. అరగంట భోజనం టైములో ఎంతసేపని నిలబడనమ్మా? నేను ఒక్కదాన్నే ఇంటూ పెడితే నా వెంట పడతావని..."

కంచే చేను మేసింది. ఒక కంచె కాదు, రెండు వైపులా కంచె. లేచి వెళ్లిపోదామనుకున్నాను. లేవలేదు.

"సరే. భయపడతానని అబద్ధం చెప్పారు. చెప్పండి, నాకు అలవాటే. కానీ మంగళవారం ఇక్కడే కూర్చుని, దాన్ని పంపించేద్దామన్నాను. దాని తప్పేమీ లేదని ఈ ఇంట్లో తెలిసినవాళ్లు మీరిద్దరే. అప్పుడైనా ఒక్కరు ఎందుకు నోరు విప్పలేదు?"

 ఆయన పెన్సిలు దారాన్ని వేలికి చుట్టారు, విప్పారు, మళ్లీ చుట్టారు. కాఫీల మీద మీగడ కట్టింది. కింద ఇంటావిడ కుక్కరు మూడు కూతలు కూసి ఆగింది. బల్ల కిందినుంచి గూడ్సు లేచి, నీళ్లగిన్నె దాకా నడిచి, తాగి, వచ్చి మళ్లీ పడుకుంది. నేను చూపు తిప్పలేదు. నేను భయపడినవన్నీ ఒక్కొక్కటిగా మనసులో తిరిగాయి, వేపుడు గిన్నె నుంచి మూత్రపిండాల దాకా. ఇది మాత్రం వాటిలో లేదు.

చీకటి పడుతోంది. లైటు వెయ్యడానికి కూడా ఎవరూ లేవలేదు.

చివరికి అమ్మాయి, నా వైపు చూడకుండా, కాగితం మీది గడులనే చూస్తూ అంది.

"నీతో నిజం చెప్పడం కంటే దాన్ని పంపించెయ్యడమే తేలికనిపించిందమ్మా."