తడిగోనెలో శనగాకు

ద్రౌపదికి పంతం వచ్చిందంటే బీడీలు చుట్టే చెయ్యి కూడా ఆగిపోతుంది. ఆ రోజు కోడలు మయూరి మాటకే ఆగింది.

"రేపు మా అమ్మ పూణె నుంచి వస్తది అత్తమ్మా. పనీర్ తెస్త, సేపు పండ్లు తెస్త. గా ఆకుకూర పెడితే నా ఇజ్జత్ ఏం గావాలె?"

"శనగాకు ఏడాదిల నెల దినాలే దొరుకుతది. సస్తా ఉన్నదని చిన్నచూపా? పందెం! మీ అమ్మ నా కూర మారు అడిగితే బజారు సంచి నాదే. అడగకుంటే ఎల్లుండి సంది నీదే!"

సంచి పోతే ద్రౌపదికి ఇంకేముంది! కొంతం చౌక్ బజారులో కూరలవాళ్లతో గీచిగీచి బేరమాడటం, పైన రెండు పచ్చిమిరపకాయలు లాక్కోవడం, అదే ఆమెకు జాతర, అదే సినిమా.

ఆ సాయంత్రమే పెద్ద మోపు శనగాకు, కొంగు నిండా రేగుపండ్లు తెచ్చింది. ఆకు వాడిపోకుండా తడిగోనెలో చుట్టింది, బీడీల తునికాకును మెత్తబడటానికి చుట్టినట్టే. రెండు మూటలూ ఒకే మూలన పెట్టింది. బుద్ధి ఉన్నవాళ్లు చేసే పనేనా?

వియ్యపురాలు వచ్చేలోగా రెండు కట్టలైనా చుడదామని, పొద్దున్నే ఒక మూట చంకన పెట్టుకుని పక్కింటి శాంత అరుగు మీదికి పోయింది. గల్లీ ఆడవాళ్లంతా అక్కడే కూర్చుని చుట్టుకుంటారు. మూట విప్పితే పచ్చగా శనగాకు!

"అక్కా, గిదేం బీడీ? తాగేదా, తినేదా?" శాంత పడీపడీ నవ్వింది.

ద్రౌపది నవ్వలేదు. కూరాకు లేదని మయూరి ఈపాటికి పనీర్ పొయ్యి మీద పెట్టేసి ఉంటుంది! చెప్పులు మరిచి, మూట మాత్రం చంకన ఇరికించుకుని ఇంటికి ఉరికింది.

ఇంట్లో వియ్యపురాలు సావిత్రి అప్పటికే దిగింది. ప్రయాణపు చీరైనా మార్చకుండా, చాట ఒళ్లో పెట్టుకుని కత్తెరతో తునికాకు కోస్తోంది. ఈ ఊరి భవాని పేట్‌లోనే, బీడీలు చుట్టే ఇంట్లో పుట్టి పెరిగిన చెయ్యి మరి!

"రా వదినా! కూరాకు అనుకోని నీ కోడలు మూట ఇప్పింది. జూడంగనే నా చేతులు ఊకోలే. పూణెల గివన్ని యాడియి?"

మయూరి పనీర్ పొట్లం పట్టుకుని బిక్కమొహం వేసింది. ద్రౌపది మాత్రం వెల్లుల్లి దంచి, శనగపిండి చల్లి, ఘుమఘుమలాడేట్టు కూర దించింది.

జొన్నరొట్టెతో సావిత్రి తింటూనే ఉంది. ద్రౌపది గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది. సావిత్రి మారు అడగలేదు. గిన్నెనే ముందుకు లాక్కుంది.

"అమ్మ అడగలే! సంచి నాదే!" ఎగిరింది మయూరి.

"అడిగేదేంది? గిన్నెనే నాదాయె!" అంది సావిత్రి నోటినిండా రొట్టెతో. "ఇంద, నీకు గింత ఉంచిన. తిను."

మయూరి తింది. వేళ్లు నాకింది. గిన్నె అడుగు కూడా రొట్టెముక్కతో తుడిచింది.

"అత్తమ్మా, సంచి నువ్వే పట్టు. గాని నన్ను గూడ తీస్కపో. గీ ఆకు ఇంకెన్ని దినాలుంటది?"

"పదిహేను దినాలు. అటెన్క చింతచిగురు సంగతి సూద్దాం."

సేపులు గూట్లోనే మిగిలాయి. ముగ్గురూ తిన్న రేగుపండ్ల గింజలు మాత్రం గుమ్మం దాకా దొర్లాయి.