పెట్టెకు ఏమీ కాలేదు

అయినా పాము ఉండే ఉంటుంది, లేకపోతే పొలం పనులకొచ్చే అయ్యన్న తమ అంగడికొచ్చి అంత గట్టిగా ఎందుకు చెబుతాడు, అనుకుంటూ రాజ్యలక్ష్మమ్మ ఆటో కమ్మీని రెండు చేతులా పట్టుకుంది, పక్కన కూతురు సుచరిత, కడప రైల్లో నుంచి డోన్‌లో ఇప్పుడే దిగింది, ఒళ్లో సంచి, నెత్తిన తువ్వాలు, పొలం దాకా ఈ దారిలో పిట్ట వాలేంత నీడ కూడా లేదు, మే నెల ఎండ, పిల్లకు వడదెబ్బ తగిలితే, ఆటో బోల్తా పడితే, పోయినసారి రైలు ఆలస్యమైనప్పుడు దేవుడి గూట్లో దీపం కొండెక్కకుండా కాపలా కూర్చుంది తను, నీకు రైలు కూసినా యముడు పిలిచినట్టే గదా అని మొగుడు వెంకటరమణయ్య తక్కెడ దించకుండానే నవ్వాడు, నవ్వనీ, కనిపెంచినది ఆయన కాదు గదా, ఏం మా, మాట్లాడవు, అంటోంది సుచరిత, ఏం లేదులే, నీళ్లు తాగు, అంది.

ఆ చేను తన పుట్టింటి వాళ్లిచ్చిన ఎర్రనేల, బోరు పడక బీడైపోయింది, సగం తంగేడు, బలుసు, సీతాఫలం పొదలు, సగం ఉత్త బోడినేల, చదువు కోసమని సుచరిత రెండు చోట్లా చెరొక తెల్ల చెక్కపెట్టె నాటించింది, లోపల వేడినీ గాలిలో చెమ్మనూ కొలిచే యంత్రాలు, ఎందుకే ఇవన్నీ అంటే, మన సీమంతా బోడినేలే అనుకోని కంప్యూటర్లో వాన లెక్క కడతాండారుమా, పొదలు గూడా అడుగున చెమ్మను వేళ్లతో లాగి ఆకుల్లోంచి గాలికిస్తాయి, పచ్చ ఉన్నకాడ నేల తక్కువ కాగుతాది, గాలి నడకే మారతాది, ఆ తేడా ఎంతో కొలిచి చూపిస్తే లెక్క దారికొస్తాది, అని ఒక పూటంతా చెప్పింది, ఏడో తరగతిలో ఆగిపోయిన తన చదువుకు అందులో పెట్టె ఒక్కటే అర్థమైంది, పెట్టె భద్రంగా ఉంటే పిల్ల చదువు భద్రంగా ఉన్నట్టే అనుకుంది, అంతలో అయ్యన్న ఉప్పు కట్టించుకుంటూ, అమ్మా, పాప తిరిగే పొదల్లో రక్తపింజరి ఉండాది, శానా పెద్దది, అనేసి పోయాడు, ఆ మాట విన్నాక ఇంక ముద్ద దిగితేనా, కంప కొట్టి కాల్చేయప్పా, వానలకు ముందర అందరూ చేసేదే గదా, అని తానే పురమాయించింది, దగ్గరుండి పెట్టె మీద తడి గోనెపట్టాలు కప్పించింది, పెట్టెకు ఒక్క నిప్పురవ్వ తగలగూడదు, పాప చదువంతా దాంట్లోనే ఉండాది, అని అరిచి అరిచి గొంతు పోగొట్టుకుంది, మంట చల్లారాక కొంగుతో పెట్టె మీది మసి తుడిచి కుంకుమ బొట్టు పెట్టింది, ఆ రోజు కడుపు నిండా తిన్నది, వచ్చినాక చూసి సంతోషపడుతుందిలే అని ఫోనులో చెప్పనే లేదు.

ఈ ఎండాకాలం ఒక్కటి గట్టెక్కితే చాలుమా, అంటోంది ఇప్పుడు సుచరిత, పోయిన రెండేండ్లు చాలవన్నాడు మా సారు, ఇంకో వేసవి గూడా పొదల్లో ఇదే చల్లదనం కనబడితే ఒప్పుకుంటానన్నాడు, ఆ పొదలే నా పరీక్ష, అని నవ్వింది, పొదలా, పెట్టె కాదా, అనుకుంది రాజ్యలక్ష్మమ్మ, చెప్పేయాలి, చేను కనబడకముందే చెప్పేయాలి, అదిగో ఆ మలుపు తిరగకముందే, తిరిగేసింది, ఆటో నిలిచింది, నల్లటి నేల, గాలికి లేచే బూడిద, నడిమధ్యన బొట్టు పెట్టుకున్న తెల్ల పెట్టె పెళ్లిపీటల మీద ఒంటరిగా కూర్చున్నట్టు.

అరుస్తుందనుకుంది, ఏడుస్తుందనుకుంది, సుచరిత రెండూ చేయలేదు, బూడిదలో నడిచిపోయి పెట్టె తెరిచి చూసింది, బోడినేల వైపు పోయి అక్కడి పెట్టెనూ చూసింది, తిరిగొచ్చి, రెండు చోట్లా లెక్క ఒకటే అయిందిమా, అంది, అంతే, పెట్టెకు ఏం కాలేదు తల్లీ, నేనే గోనెపట్టాలు కప్పించినా, రక్తపింజరి ఉండాదంట, అయ్యన్న చెప్పినాడు, నీకేమన్నా అయితే నేను బతుకుతానా, అని తను వగరుస్తూనే ఉంది, తెలుసుమా, అంది సుచరిత, ఏం తెలుసే, పాము సంగతి, మొదటి ఏడే చూసినా, పొడుగు బూట్లు కొనుక్కున్నా, కర్రతో తట్టుకుంటా పోతాండా, అది దాని దోవన అది పోతాది, మరి నాకు ఒక్క మాట చెప్పలేదేమే, సుచరిత తువ్వాలుతో మొహం తుడుచుకుంది, తుడిచిన చోట మసి అంటింది, చెప్తే నువ్వు ఏం చేస్తావో నాకు తెల్దా మా, అంది, కోపం కూడా లేని గొంతుతో, బోడినేలలో తేమ ఎంతుందో చెబుతున్నట్టు, ఇంకేమేం దాచింది ఈ పిల్ల, హాస్టల్లో జ్వరమొచ్చిన రోజులున్నాయా, బస్సు తప్పి రోడ్డు మీద నిలబడిన సాయంత్రాలున్నాయా, ఎప్పుడు ఫోను చేసినా బాగుండానుమా, తిన్నానుమా, ఆ రెండు మాటలే, వాటిని విని గుండె మీద చెయ్యి వేసుకుని ఎన్ని రాత్రులు నిద్రపోయింది తను, బూడిద లేచి కంట్లో పడుతోంది, సుచరిత వంగి సగం కాలిన బలుసు మోడును వేలితో గీకి లోపల పచ్చి ఉందేమో చూస్తోంది, ఆ వంగిన వీపును చూస్తూ నిలబడిన రాజ్యలక్ష్మమ్మకు అప్పుడు తెలిసింది, పాము ఉన్న పొదల్లో తన బిడ్డ నిబ్బరంగానే తిరిగింది, ఇన్నేళ్లుగా అడుగు తీసి అడుగు వేస్తూ, చప్పుడు కానీయకుండా, భయపడుతూ తప్పించుకుని నడిచింది అమ్మ దగ్గరే.