టేపు పీకేసిన చోటు

నిన్నంతా నేను జ్వరంతో మంచం దిగలేదు. ఈ రోజు షెడ్డుకి వచ్చి చూస్తే, ఎడమ రెక్కకి తగిలించిన తనిఖీ కాగితం మీద నిన్నటి తేదీతో నా సంతకం ఉంది. చివర్లో నేను లాగే వంకర గీతతో సహా దించేశారు. ఒళ్ళు మండిపోయింది.

మాది గ్లైడర్లు, అంటే ఇంజను లేని చిన్న విమానాలు తయారుచేసే షెడ్డు. కార్బన్ గుడ్డని పొర మీద పొర పరిచి, జిగురు పట్టించి, వేడి గదిలో పెడితే అదే రెక్క అవుతుంది. పొరలు పరిచే మేస్త్రి మా అన్నయ్య. ఇంట్లో అన్నయ్యే గానీ షెడ్డులో మాత్రం నాకూ మేస్త్రిగారే. తయారైన రెక్కని చిన్న ఇత్తడి సుత్తితో అంగుళం అంగుళం తట్టి, మోత విని, పనికొస్తుందో లేదో తేల్చేది నేను.

ఇక్కడ ఒక కట్టుబాటు ఉంది. రెక్క మీద ఏది పడినా, పడేసినవాళ్ళు వెంటనే అక్కడ ఎర్ర టేపు అంటించాలి. ఎవరు పడేశారని ఎవరూ అడగరు. పనిలో చేరిన రోజే అన్నయ్య దాన్ని నాకు నూరిపోశాడు. "తూటా తగిలితే చిల్లు పడుతుంది, అందరికీ కనిపిస్తుంది. చేతిలోంచి మెల్లగా జారిన పానాతోనే భయం. పైన గీత కూడా పడదు, లోపల పొరలు మాత్రం విడిపోతాయి. గాల్లో రెక్క పైకి వంగినప్పుడు పై భాగం నొక్కుకుంటుంది. అంటుకుని ఉన్న పొరలు అట్టలా తట్టుకుంటాయి. విడిపోతే ఉత్త కాగితాలే, మడతపడి ఊరుకుంటాయి" అన్నాడు. అప్పుడు మా అన్నయ్యంత నిజాయితీపరుడు ఇంకెవడూ లేడనుకున్నాను. నా మొహం.

సుత్తి తీసి తట్టడం మొదలుపెట్టాను. రెక్క మొదలు నుంచి బారెడు దూరం వరకు టంగు టంగుమని మోగింది. ఆ తర్వాత ఒక్కచోట దబ్బుమంది. పక్కకి జరిపితే మళ్ళీ టంగుమంది. వెనక్కి తెస్తే మళ్ళీ దబ్బు. అరచేయంత మేర అదే మోత. పైన చూస్తే అద్దంలా ఉంది. వేలితో రుద్దాను. జిగటగా తగిలింది. టేపు వెడల్పున సన్నగా దుమ్ము అంటుకుని ఉంది.

అంటే టేపు అంటించారు. తర్వాత పీకేశారు.

నా సంతకం ఆ వంకర గీత దాకా తెలిసినవాడు అన్నయ్య ఒక్కడే. బల్ల దగ్గర గుడ్డ కత్తిరిస్తున్నాడు. ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"మేస్త్రిగారూ, నిన్న నేను పనిలోకి వచ్చానా?"

తలెత్తలేదు. కత్తెర మాత్రం ఆగింది.

"మెల్లగా మాట్లాడు. పానా జారింది. టేపు వేశాను. కానీ ఈ నెలలో నాకది మూడోసారి. చెయ్యి వణుకుతోంది, ఎవరికీ చెప్పలేదు. పేరు అడగకపోయినా, ఇన్నిసార్లు టేపు పడితే కనిపెట్టేస్తారు. తెలిస్తే నన్నీ బల్ల దగ్గర ఉండనివ్వరు."

"అందుకని నా సంతకం పెడతావా?"

"నీ సంతకం ఉంటే ఇంకెవరూ తట్టి చూడరు."

ఎంత తాపీగా అన్నాడో. పదకొండేళ్ళు చెవులు రిక్కించి తెచ్చుకున్న పేరది. ఆ పేరుని చూసుకునే నన్ను ముంచాడు. పరాయివాడైతే తిట్టి వదిలేసేదాన్ని. పొద్దున ఇంట్లో నాకు కాఫీ కలిపి, ఇంకా జ్వరం తగ్గలేదా అని నుదురు ముట్టుకున్న మనిషి. రెండు రోజులు సెలవు పెట్టు అని బతిమాలాడు కూడా. నా మీద ప్రేమనుకున్నాను. ఈ సాయంత్రం రెక్క వెళ్ళిపోయేదాకా నన్ను ఇంట్లో ఉంచడానికని ఇప్పుడు తెలిసింది.

"సాయంత్రం ఈ రెక్క కోసం గ్లైడర్ బడి టీచరమ్మ వచ్చేస్తుంది. పిల్లలకి ఎగరడం నేర్పే విమానం ఇది. అది తెలిసే చేశావా?" అన్నాను.

"చిన్న దెబ్బే. ఏం కాదు. మేస్త్రిగా కాదు, అన్నయ్యగా అడుగుతున్నా. ఈ ఒక్కసారికి ఊరుకో."

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. రెక్క ఎక్కించే పొడుగు బండిని కారు వెనక తగిలించుకుని వచ్చింది. కాగితం చూసి నావైపు నవ్వింది.

"మీరు చూశారుగా, ఇంక నేను చూసేదేముంది."

నేను అన్నయ్య దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపాను. ఎర్ర టేపు చుట్ట ఎప్పుడూ ఆయన నడుముకే వేలాడుతుంది.

"టేపు ఇవ్వండి."

చుట్ట విప్పి ఇచ్చాడు. చెయ్యి నిజంగానే వణుకుతోంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది. అయినా వెళ్ళి ఆ జిగట మీదే టేపు అంటించాను.

"ఈ రెక్క ఇవ్వం. లోపల పొరలు విడిపోయాయి" అన్నాను.

టీచరమ్మ నవ్వు పోయింది. "ఎవరు పడేశారు?"

"ఇక్కడ అది అడగమండీ."

"మరి ఈ సంతకం మీది కాదా?"

షెడ్డులో పని ఆగిపోయింది. పడేసినవాళ్ళ పేరు అడగకూడదన్నదే మా కట్టుబాటు. దొంగసంతకం గురించి మాకు ఏ కట్టుబాటూ లేదు. ఇన్నేళ్ళలో ఆ అవసరమే రాలేదు. అన్నయ్య నావైపే చూస్తున్నాడు.

"నాది కాదండీ. మేస్త్రిగారు పెట్టారు" అన్నాను.