డేగ్సాలో మోగిన ఫోన్

ఫోన్లన్నీ డేగ్సాలో పడ్డాక గానీ బాలేష్ తన పన్నాగం బయటపెట్టలేదు.

తూంకుంటలో గౌరయ్య టెంట్‌హౌస్ గోదాములో ప్రతి ఆదివారం మధ్యాహ్నం జరిగే తంతు అది. షామియానా మూటల మధ్య తెల్లగుడ్డ కట్టి, పెళ్లిళ్లకు కిరాయికిచ్చే కుర్చీలే వరుసగా వేసి "ఆఖరి ఊరు" చూస్తారు. చచ్చినవాళ్లు లేచి మనుషుల మీద పడే విదేశీ సీరియల్ అది. తెలుగు డబ్బింగులో ఏళ్ల తరబడి నడుస్తోంది. మొదలయ్యే ముందు అందరూ తమ ఫోన్లు, బగారా అన్నం వండే పెద్ద డేగ్సాలో వేయాలి. స్విచాఫ్ చేస్తే ఒప్పుకోరు. మధ్యలో ఎవరిది మోగితే వాళ్లు అందరికీ చాయ్ తాగించాలి. ఖాళీ డేగ్సాలో ఫోన్ వణికిందంటే గోదామంతా వినిపిస్తుంది, దాచుకోవడం ఎవరి తరమూ కాదు.

ఆ రోజు ఆఖరి ఎపిసోడ్.

"ఇయ్యాల మన నడుమ కూసునే ఆ శవపరీక్షగాడు దొరుకుతడు," అన్నాడు గౌరయ్య తమ్ముడి కొడుకు బాలేష్, తలుపు గడియ పెడుతూ. "మేడ్చల్ల మా దోస్తులకు చెప్పి పెట్టిన. ఆట షురూ కాంగనే అందరు వాని చానల్ కింద కామెంట్లు కొడ్తనే ఉంటరు. వాని ఫోన్ మోగకుంట ఎట్లుంటదో సూస్త."

రెండో వరుసలో కూర్చున్న అర్షియా డేగ్సా వైపు చూసింది. ఆ శవపరీక్షగాడు ఆమే.

గుండ్లపోచంపల్లిలో సరుకుల గోదాములో బిల్లులు కొట్టే పిల్ల. ఇంట్లో దుప్పటి ముసుగేసుకుని ఆ సీరియల్ మీద తన మాటలు ఫోన్లో రికార్డు చేసి, యాప్‌తో మగగొంతు చేసి "శవపరీక్ష" అనే ఛానల్లో పెడుతుంది. మొహం ఉండాల్సిన చోట పుర్రె బొమ్మ. మొదట్లో ఆ సీరియల్ కోసం తిండి మానేసిన మనిషే, కథను సాగదీస్తుంటే ఒళ్లు మండి తిట్లకు దిగింది. అయినా ఒక్క వారమూ చూడడం మానలేదు. సొంతింటి మనిషి చెడిపోతుంటే వచ్చే కోపం లాంటిది అది.

సీరియల్‌ను తిట్టినంతకాలం ఎవరికీ ఏమీ పట్టలేదు. పోయిన వారం నోరు జారింది. "ఒక ముసలాయన ఉన్నడు. పక్కన ఖాళీ కుర్చీ ఏసుకొని సూస్తడు. జాంబీ అచ్చి కూసుంటదని గావచ్చు. తెర మీద పోరి సచ్చిపోతే ఈడ ఈయన ఏడుసుడు," అంది. జనం పడీపడీ నవ్వారు. అంతకుముందు ఆమె వీడియో దేన్నీ అంతమంది చూడలేదు. ఆ నవ్వుల మత్తులో, ఆ ముసలాయన కూడా ఇది వింటాడేమోనన్న బుద్ధి పుట్టనే లేదు మహాతల్లికి.

"తిడితె తిట్టిండు గని, సీరియల్ గురించి వాడన్న దాంట్ల తప్పేమున్నది?" అన్నాడు విత్తనాల దుకాణం రాఘవేందర్. "ఎన్నడో అయిపోవాల్సిన కత. వంతెన కూలగొట్టుడే మూడు వారాలు సూపెట్టిండ్రు. సచ్చినోళ్లు నడుస్తున్నరు, కత నడుస్తలేదు."

"నచ్చకుంటె సూడకు," శామీర్‌పేటలో బట్టలు కుట్టే వినోద ఊరుకోలేదు. "ఊరు కాలినంక మళ్ల పొయ్యి ముట్టిచ్చుకునుడు ఒక్క రోజుల అయితదా? నాకు గదే మంచిగనిపిచ్చింది. గీ రివ్యూలోళ్లకు ఎవలన్న సస్తెనే కత."

"సీరియల్‌ను ఏమన్న అననీ," అన్నాడు బాలేష్. "ఆ కుర్చీ మీద ఎట్ల నవ్వుతడు వాడు? మా పెద్దమ్మ కూసున్న కుర్చీ అది. దుర్గాబాయి పెద్దమ్మ పోయినంక పెద్దబాపు ఒక్క ఆదివారం గూడ దాన్ని తియ్యనియ్యలే."

ఈ గుంపులో అర్షియాయే కొత్త. ఆ కుర్చీ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆమె అడగనూ లేదు. ముందు వరుసలో గౌరయ్య పక్కనున్న ఎర్ర కుర్చీని చూడలేక తల దించుకుంది. బయటికి పోదామంటే గడియ పడింది. ఫోన్ తీసుకుందామంటే డేగ్సా బాలేష్ కాళ్ల దగ్గరే ఉంది. నాలుగు దెబ్బలు పడతాయని కాదు ఆమె భయం. "అచ్చినవా బిడ్డా" అని ప్రతివారం ఎదురొచ్చి, ఇంట్లో ఇంత అన్నం పెట్టే ఆ మనిషి ఇక తన మొహం చూడడు. ఆ గోదాము తప్ప ఆమెకు మనసుపడి పోయే చోటు ఇంకొకటి లేదు.

ఆట మొదలైంది. తెర మీద ఊరి గోడ బయట చచ్చినవాళ్లు గుమిగూడారు. కాసేపటికి డేగ్సా గర్రుమంది. ఆగింది. మళ్లీ మొదలైంది, ఇక ఆగలేదు.

బాలేష్ బొమ్మ ఆపి వంగేలోపే గౌరయ్య లేచి డేగ్సాలో చెయ్యి పెట్టాడు. ఆకుపచ్చ కవరు, మూల పగిలిన అద్దం. వారం వారం ఆ ఫోన్‌ను అర్షియా చేతిలోంచి తీసుకుని అందులో వేసేది ఆయనే. ఫోన్‌ను చూశాడు గానీ అర్షియా వైపు చూడలేదు. కవరు కనపడకుండా పిడికిట్లో పట్టి అంగీ జేబులో వేసుకున్నాడు.

"ఎవలిది?" అన్నాడు బాలేష్.

"నా డేగ్సల వడ్డది. నాదే అనుకో. బొమ్మ పెట్టు."

"పేరు చెప్పు పెద్దబాపు."

"చెప్ప."

"పెద్దమ్మను నవ్వులపాలు జేసినోన్ని దాస్తవా నువ్వు? అయితె నేనుండ. ఇగ ఈ గడప తొక్క." బాలేష్ గడియ తీశాడు. వినోద కూడా లేచింది. వెనక కుర్చీలు కదిలాయి. గౌరయ్య ఎవరినీ ఆపలేదు. ఎర్ర కుర్చీ పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. ఆయన జేబులో ఫోన్ ఇంకా వణుకుతూనే ఉంది.

అర్షియాను కాయడానికి ఆయన తన ఆదివారాలే పోగొట్టుకుంటున్నాడు.

"బాలేషన్నా, ఆగు. గది నా ఫోన్."

ముందుకొచ్చి చెయ్యి చాచింది. గౌరయ్య జేబులోంచి ఫోన్ తీసి ఇచ్చాడు. వేలు ఆనించగానే అద్దం మీద పుర్రె బొమ్మ వెలిగింది. అందరికీ కనపడేలా పట్టుకుంది. "వాడు గాదు, నేనే. కుర్చీ సంగతి నాకు ఎరుక లేకుండె. ఎరుక లేకున్నా అట్ల అనొద్దుండె. మాఫ్ చెయ్యి కాకా." అప్పటికే కళ్లనీళ్లు కారిపోతున్నాయి.

ఎవడో మొగోడు దొరుకుతాడని అంగీ చేతులు పైకి మడిచి సిద్ధంగా ఉన్న బాలేష్‌కు ఏం చెయ్యాలో తోచలేదు. "మా ఇంట్ల తిన్నవు గదనే," అన్నాడు చివరికి.

"నాకు మొదటి సంది ఎరుకనే," అన్నాడు గౌరయ్య. "గొంతు మార్సినవు గని తిట్టుడు మార్సలే. మాటకు ముందు నాలిక సప్పరిస్తవు. వారం వారం ఇంటికి పోయి ఇంట. దుర్గాబాయి గిట్లనే తిట్టేది. గా కుర్చీల కూసోని షురూ నుంచి ఆఖరి దాక తిట్టేది. ఒక్క వారం ఇడిసిపెట్టలే. ఆమె పోయినంక బొమ్మ సప్పగయ్యింది నాకు." కండువాతో మొహం తుడుచుకున్నాడు. "పోయిన వారం మాత్రం మస్తు బాధయ్యింది బిడ్డా. అబద్ధమెందుకు."

ఎర్ర కుర్చీని ఆమె వైపు జరిపాడు. "కూసో. ఇగ ఈన్నే తిట్టు, నాకు ఇనవడేటట్టు."

అర్షియా కుర్చీ అంచున కూర్చుంది. గడప దగ్గర నిలబడ్డ బాలేష్ వెనక్కి వచ్చి, బొమ్మ పెట్టి ఆఖరి వరుసలో చతికిలబడ్డాడు. వినోద కూడా కూర్చుంది.

తెర మీద ఊరిపెద్ద గోడ తలుపు గడియ తీస్తున్నాడు. గౌరయ్య తెర వైపే చూస్తూ ఎదురుచూస్తున్నాడు.

"గంతమంది సచ్చినోళ్లు బయట నిలవడ్డంక," అంది అర్షియా, యాప్ లేని సొంత గొంతుతో, "ఎవలన్న తలుపు తీస్తరా కాకా? బుద్ధున్నదా వీనికి?"

"ఆగు, ఏదో మతలబు ఉంటది," అన్నాడు గౌరయ్య. దుర్గాబాయికి ఆయన ఎప్పుడూ చెప్పే జవాబు అదేనని, వెనక బాలేష్ వెక్కుతూ పక్కవాళ్లకు చెబుతుంటే అర్షియాకు తెలిసింది.