రెండో కొళాయి

కామ్లూప్స్‌లో వాన పడితే జనం ఇళ్లలోంచి బయటికొచ్చి ఫోటోలు తీసుకుంటారు. ఊరి చుట్టూ బట్టతలల్లాంటి కొండలు. వాటి మీద బూడిదరంగు సేజ్ పొదలు, నాగజెముడు, ఎండకి విసుగెత్తి తోకలతో గిలక్కాయలు ఆడించుకునే పాములు. కెనడా అంటే మంచే కదా అని రెండు సూట్‌కేసుల నిండా స్వెటర్లు కుక్కుకొచ్చిన లోహిత్, జూలైలో వాటిని కిటికీలకి కర్టెన్లుగా కట్టుకున్నాడు.

లోహిత్‌ది జగిత్యాల. పగలు కాలేజీ, సాయంత్రం పెట్రోల్ బంకులో పార్ట్‌టైమ్, మిగతా టైమంతా జనాన్ని ఆడించడం. "ఇక్కడ బాతులకి దారివ్వకపోతే పర్మనెంట్ వీసా ఫైలు ఆపేస్తరు" అని కొత్త జూనియర్లకి చెప్తే, పాపం వాళ్లు వారం రోజులు నది ఒడ్డున బాతులకి పక్కకి తప్పుకుని నమస్కారాలు పెట్టారు. ముఖంలో ఒక్క గీత కదలకుండా చెప్పడం వాడి విద్య.

ఊళ్లో తెలుగువాళ్ల సైకిల్ గ్రూపు ఒకటుంది. వాట్సాప్‌లో అరవై మంది. సైకిళ్లున్నవాళ్లు పదిమంది. టైర్లలో గాలున్నది ఏ నలుగురికో. గ్రూపు పెద్ద అమరేశ్వరరావు గారు, ఎక్కడో దూరాన మార్కమ్ ఊళ్లో ఉన్న కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తారు. ఆయన సైకిలు ఆయన కారు కంటే ఖరీదు. అందుకని సైకిలు ఏసీ గదిలో ఉంటుంది, కారు ఎండలో ఉంటుంది. ఎవరు ఏ దారిలో తొక్కినా గ్రూపు మ్యాప్‌లో గీసి, దారిలో నీడ ఎక్కడ, నీళ్లెక్కడ అన్నీ రాయాలని ఆయనే రూలు పెట్టారు.

మేలో ఒకరోజు లోహిత్ పాత గని రోడ్డు ఎక్కాడు. కొండల మీద నుంచి ఎడారి చుట్టూ తిరిగి వచ్చే దారి అది. సగంలోనే బాటిల్ ఖాళీ అయింది, నాలుక అట్టముక్కయింది. తోక ముడిచి వెనక్కొచ్చాడు. గ్రూపులో మాత్రం మొత్తం తొక్కేశానని రాశాడు.

"ఒక్క బాటిల్‌తోనా?" అని అమరేశ్వరరావు గారు అడిగారు.

"మధ్యల నల్లా ఉంది కదంకుల్" అన్నాడు లోహిత్. తను వెనక్కి తిరిగిన చోటే మ్యాప్‌లో నీలం చుక్క పెట్టాడు.

అంతే. అక్కడితో అయిపోవాల్సింది.

వారం తిరక్కుండా చుక్క కింద కామెంట్లు మొదలయ్యాయి. "నీళ్లు చల్లగా ఉన్నాయి." "కాస్త ఉప్పు తగులుతోంది, పర్లేదు." లోహిత్ బంకు కౌంటర్ వెనక పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒక్కరూ వెళ్లలేదు, వెళ్లలేదని ఒప్పుకునే రకం ఒక్కరూ లేరు. తర్వాత ఎవరో గొలుసుతో కట్టిన స్టీలు గ్లాసుందని రాశారు. అది చదివినప్పుడు వాడి నవ్వు సగంలో ఆగింది. గ్లాసు ఎక్కణ్ణుంచి వచ్చింది? చివరికి అమరేశ్వరరావు గారు రాశారు: "మొదటి కొళాయి ఒక్కోసారి ఎండిపోతుంది. కంగారు పడొద్దు. ఇంకాస్త పైకి తొక్కితే రెండోది వస్తుంది. అక్కడ ఎప్పుడూ ధారగా వస్తాయి."

ఆ గ్రూపులో నిజంగా సైకిలు తొక్కే మనిషి కమలకుమారి ఆంటీ ఒక్కరే. ఆవిడ ఎప్పుడూ ఒక్క కామెంటూ పెట్టలేదు. తునిలో పుట్టి, యాభై దాటాక ఈ ఊళ్లో సైకిలు నేర్చుకుని, నది రూటూ పార్కు కొండా అన్నీ చుట్టేసింది. లోహిత్ ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటాడు. షిఫ్టు నుంచి లేటుగా వస్తే మెట్ల మీద గిన్నెలో పప్పు, పైన మూత, మూత మీద బరువుకి రాయి ఉంటాయి.

"నీ ఎడారి రూటొక్కటే మిగిలిందిరా అబ్బాయ్" అందామె మొన్న.

"అది మీతోని కాదాంటీ" అన్నాడు వాడు, ముఖంలో గీత కదలకుండా.

ఆగస్టులో ఉత్తరాన అడవులు అంటుకున్నాయి. శనివారం లోహిత్ లేచేసరికి ఊరంతా పొగ. సూర్యుడు ఆర్పీ ఆర్పని సిగరెట్ కొసలా ఉన్నాడు. పైకెళ్తే ఆంటీ ఇంట్లోనే గది తీసుకున్న క్లాస్‌మేట్ చరిత టీ తాగుతోంది. గరాజ్‌లో సైకిలు లేదు.

"ఆంటీ ఏది?"

"తెల్లారకముందే వెళ్లింది. నీ రూట్‌కే. నీకు చెప్పొద్దంది, వచ్చాక ఏడిపిస్తుందంట నిన్ను."

"నీళ్లు?"

"చిన్న బాటిల్. పెద్ద బ్యాగ్ ఇస్తానంటే, దారిలో రెండు కొళాయిలున్నాయి, బరువెందుకే అంది. ఏంట్రా, అట్లా అయిపోయావ్?"

లోహిత్ ఫోన్ చేశాడు. కలవలేదు, ఆ కొండల మీద సిగ్నలుండదు. కానీ గంట కింద ఆంటీ పంపిన మెసేజ్ ఒకటి ఇప్పుడు తేలింది: "నీ కొళాయి కనబళ్లేదురా. దాటేశానేమో. రెండోదానికి పోతున్నా."

వాడు గ్రూపులో టైపు చేశాడు. "ఆ నల్లా లేదు. నేనే అబద్ధం రాసిన. ఆంటీ పైన ఉంది. ఎవరైనా రండి."

నవ్వుతున్న బొమ్మలొచ్చాయి. "బాతుల తమ్ముడు మళ్లీ మొదలెట్టాడు." "పోయిన ఆదివారమే తాగాను బ్రో, సూపర్ వాటర్."

అమరేశ్వరరావు గారికి ఫోన్ చేశాడు.

"జోకులకి టైముండాలయ్యా, మీటింగ్‌లో ఉన్నాను."

"అంకుల్, ఒట్టు. మొదటి నల్లా లేదు."

"నేను తాగానయ్యా అక్కడ."

"అంకుల్."

అటువైపు కుర్చీ కిర్రుమంది. గొంతు చిన్నదై వచ్చింది. "మొదటిది ఉందనుకునే కదయ్యా నేను రెండోది రాసింది."

చరిత అప్పటికే ఎమర్జెన్సీకి ఫోన్ చేసింది. వాళ్లు వివరాలు రాసుకున్నారు, టీములన్నీ మంటల దగ్గరున్నాయి, ఒక బండి పంపుతాం, లేటవుతుంది అన్నారు. ఇద్దరూ నీళ్ల డబ్బాలు చరిత కారులో పడేసుకుని, వెనక లోహిత్ సైకిలు కట్టుకుని బయల్దేరారు. గని రోడ్డు గేటుకి తాళం. మంటల సీజన్లో కార్లకి నో ఎంట్రీ. చరిత అక్కడే ఆగింది, రెస్క్యూ వాళ్లకి దారి చూపించడానికి.

"ఒరేయ్, నువ్వూ అక్కడే పడిపోయావనుకో, నేను రాను" అంది. అంటూనే సైకిలు కట్లు విప్పింది.

లోహిత్ బ్యాగ్‌లో మూడు డబ్బాలు వేసుకుని తొక్కాడు. గాలిలో కాలిన కాగితం వాసన. పిట్ట లేదు, పురుగు లేదు. వేడి పైనుంచి కాదు, రోడ్డులోంచి వస్తోంది, ఎవరో కింద పొయ్యి వెలిగించినట్టు. నాలుగు మలుపులయ్యాక దుమ్ములో ఆంటీ టైరు గుర్తు కనిపించింది. సన్నగా, తిన్నగా, ఎక్కడా ఆగకుండా పోతోంది.

నీలం చుక్క ఉన్న చోట ఆ గుర్తు ఆగింది.

అక్కడ కంచె స్తంభం ఒకటి, చుట్టూ సేజ్ పొదలు. పొదల చుట్టూ చెప్పుల గుర్తులు. ఒక చుట్టు, దాని బయట ఇంకో చుట్టు, దాని బయట ఇంకోటి. ఒక చోట మోకాళ్ల మీద కూర్చుని మట్టి గీరిన గుంత. ఆవిడ వెతికింది. లేదని నమ్మలేదు, తన కళ్లకే కనబడలేదనుకుంది. ఎంత నమ్మిందో ఆ గుంత లోతు చెప్తోంది.

టైరు గుర్తు అక్కణ్ణుంచి పైకే పోయింది. లోహిత్ ఇంతకుముందు ఎప్పుడూ ఆ చోటు దాటలేదు. ఇక్కడిదాకా అబద్ధం తనది. ఇక మీదట వేరేవాళ్లది, దాని దారి వాడికీ తెలీదు.

గుర్తు వంకర్లు తిరగడం మొదలైంది. ఒక చోట రోడ్డు దిగిపోయి మళ్లీ ఎక్కింది. తర్వాత ఖాళీ బాటిల్, మూత జాగ్రత్తగా బిగించి ఉంది. తర్వాత కంచెకి తగిలించిన హెల్మెట్. తర్వాత ముళ్లలో పడున్న సైకిలు, ముందు చక్రం నెమ్మదిగా తిరుగుతూనే ఉంది. గాలి లేదు కదా అనుకున్నాడు వాడు. ఆ ఆలోచనని అక్కడే వదిలేసి పరిగెత్తాడు.

రోడ్డు కోసిన గట్టు కింద, చాప వెడల్పు నీడలో ఆంటీ కూర్చునుంది. ముఖం ఎర్రగా, ఒక్క చెమట చుక్క లేకుండా. చున్నీ నీటుగా మడిచి ఒళ్లో పెట్టుకుంది.

"ఆంటీ!"

ఆవిడ చూసింది. గుర్తుపట్టింది కూడా. "వచ్చావా నాయనా. చాలా లైనుంది, వెనకాల నిలబడు."

లోహిత్ మూత తీసి డబ్బా ఆమె నోటి దగ్గర పెట్టాడు. ఆవిడ మొహం తిప్పుకుంది.

"తప్పురా. వాళ్లంతా మనకంటే ముందొచ్చారు."

"ఎవరూ లేరాంటీ. నల్లా లేదు. నేనే అబద్ధం చెప్పిన. దండం పెడ్త, తాగండి."

"ఎందుకురా అలా ఏడిపిస్తావ్? అదిగో ధార వస్తుంటేనూ." ఎదురుగా రాళ్ల వైపు చూపించింది. పెదాలు చీలి రక్తం కట్టింది. చెయ్యి పట్టుకుంటే పెనం పట్టుకున్నట్టుంది. వాడు చున్నీ తడిపి తల మీద వేశాడు, ఆవిడ తీసి పక్కన పెట్టింది. బలవంతంగా పోయబోతే పళ్లు బిగించింది. రెండోసారి పోయబోయేసరికి ఆమె కళ్లు పైకి తేలిపోయాయి.

ఇంకెప్పుడూ ఒక్క అబద్ధం చెప్పనని కింది నుంచి ఇక్కడిదాకా దారంతా మొక్కుకుంటూ వచ్చాడు వాడు.

లేచి నిలబడ్డాడు. ఆ రాళ్ల వైపు తిరిగి, ముఖంలో గీత కదలకుండా, గట్టిగా అరిచాడు. "ఏమండీ, జరగండి! పెద్దావిడ. ఆ బకెట్ తియ్యండి సార్. అన్నా, నువ్వు తర్వాత పట్టుకో. ఆఁ, థాంక్స్ అక్కా." మోచేతులతో దారి చేసుకుంటూ పోయాడు, రాళ్ల దగ్గర వంగి డబ్బా పట్టుకున్నాడు, నిండేదాకా ఆగాడు. వెనక్కొచ్చాడు. "మన వంతొచ్చిందాంటీ."

ఆవిడ తాగింది. కొంచెం కొంచెంగా, ముందు సగం గడ్డం మీద పోసుకుంటూ. రెండో డబ్బా వాడు ఆమె తల మీద, మెడ మీద పోశాడు. "వాళ్లేమీ అనుకోలేదు కదా?" అని అడిగింది. అనుకోలేదన్నాడు. చాలాసేపటికి ఆమె నుదుటి మీద చెమట పుట్టింది. ఆమె వణకడం మొదలెట్టింది, లోహిత్ ఏడవడం మొదలెట్టాడు.

కింది నుంచి ఇంజన్ చప్పుడొచ్చింది. రెస్క్యూ బండి, ఇద్దరు మనుషులు. వచ్చీ రాగానే చకచకా పని మొదలెట్టారు. చంకల్లో ఐస్, చేతికి సెలైన్. బతుకుతుంది, ఇంకాస్త ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం అంది అందులో పొడుగ్గా ఉన్నామె. స్ట్రెచర్ ఎత్తుతుంటే ఆంటీ ఆమె చెయ్యి పట్టుకుని తనకొచ్చిన ఇంగ్లీషులో చెప్పింది.

"పీపుల్. మెనీ పీపుల్. దే ఆర్ ఆల్సో థర్‌స్టీ."

పొడుగామె పైకి చూసింది. పైన కొండ లేదు, పొగే ఉంది, దాని అంచు ఎర్రబడుతోంది. మంట ఈ వాలుకి దిగుతోంది, ఇప్పుడే వెళ్లిపోవాలి అంది. లోహిత్ వైపు తిరిగింది.

"పైన ఇంకెవరైనా ఉన్నారా?"

"లేరు. ఆవిడకి ఎండ తలకెక్కింది."

"ఖచ్చితంగా?"

వాడు నోరు తెరిచాడు. మ్యాప్ గుర్తొచ్చింది. తాళం లేదు దానికి, లింకున్న ఎవరైనా చూడొచ్చు. పోయిన నెల కెలోనా ఊరి సైకిల్ గ్రూపులో ఎవరో అడిగితే తనే పంపాడు. వాళ్లు వాంకూవర్ వాళ్లకి పంపారు. వాళ్లు ఎవరికి పంపారో. ఇవాళ శనివారం, సైకిళ్లు బయటికి తీసే రోజు.

పొగలో చిన్నగా ఏదో మోగింది. సైకిల్ బెల్లో, రాయి మీద రాయి పడిందో.

"తెలీదు" అన్నాడు లోహిత్.

ఆమె రేడియో తీసింది.