మూడేళ్ళప్పటి పేజీ

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ ఏడాది వచ్చిన కొత్త టీచరు పిల్లల చేత ఎవరి జీవితకథ వాళ్ళతోనే రాయిస్తోంది. వినగానే నా గుండెల్లో రాయి పడింది. పద్నాలుగేళ్ళ పిల్లకి జీవితమేమిటి, కథేమిటి? ఇంటి గుట్టంతా బళ్ళో పరిస్తే రేపు ఎవరి నోట ఏం వినాలో!

ఆ టీచరు పద్ధతే వేరు. పిల్లలు రాసినదాంట్లో ఒక్క అక్షరం తను మార్చదు. ప్రశ్నలు అడుగుతుంది, అంతే. వాళ్ళకి గుర్తులేని వయసు గురించి రాసిన పేజీ కింద మాత్రం ఇంట్లోవాళ్ళు వచ్చి 'ఇది నిజమే' అని సంతకం పెట్టాలి.

అందుకే శనివారం మధ్యాహ్నం పిల్లల బెంచీలో మోకాళ్ళు పట్టక ఒదిగి కూర్చున్నాను. మా అమ్మాయి పక్కనే నిలబడి పేజీ తెరిచింది.

"మూడేళ్ళప్పుడు పొయ్యి మీది వేణ్ణీళ్ళ గిన్నె లాగి మీద పోసుకున్నాను. ఎడమ చెయ్యి మోచేతి దాకా కాలింది. అమ్మ వద్దంటున్నా వినలేదట. అప్పటినుంచి నా చేతులంటే నాకే భయం. పిన్ని కూతుర్ని ఎత్తుకోమన్నా ఎత్తుకోను."

గిన్నె లాగింది అది కాదు. నేనే గిన్నె దించుతూ, అది వెనకే ఉందని చూడకుండా గిర్రున తిరిగాను. ఆసుపత్రిలో డాక్టరు గద్దించి అడిగితే, పక్కన మా అత్తగారు ఉన్నారన్న భయంతో, పిల్లే లాగిందని నోటికొచ్చిన అబద్ధం ఆడాను. పదకొండేళ్ళుగా అదే చెబుతూ వచ్చాను. పిల్ల మనసులో అది ఇలా పాతుకుపోయిందని నాకేం తెలుసు?

"ఇందులో తప్పేమైనా ఉందాండీ?" అంది టీచరు.

"ఉందండీ. నీళ్ళు పోసింది నేను. అది కాదు."

మా అమ్మాయి పకపకా నవ్వింది. "చెప్పానా టీచర్! మా అమ్మ అంతే. నాకు జలుబు చేసినా తన తప్పే, బస్సు రాకపోయినా తన తప్పే. మొన్న పక్కింటి ఆంటీ మెట్ల మీద జారితే, తను పలకరించకపోతే పడేది కాదేమోనని రెండు రోజులు అన్నం మానేసింది!"

"కాదే, నిజంగా..."

"ఊరుకో అమ్మా! నా మీద ఈగ వాలనివ్వవు, నువ్వు పోస్తావా?"

టీచరు మాత్రం నవ్వలేదు. "అసలేం జరిగిందో చెప్పండి," అంది మెల్లగా.

అమ్మాయి నవ్వు సగంలో ఆగి నావైపు చూసింది. నన్ను కూడా నమ్మలేకపోతే దానికింకెవరున్నారు? నా నాలుక మడతపడింది.

"నేను... చూసుకోవాల్సింది," అన్నాను.

"అదిగో!" అంది అమ్మాయి, పెన్ను నా చేతిలో పెడుతూ.

సంతకం పెట్టాను. ప్రాణం లేచొచ్చింది. అలా లేచొచ్చినందుకే తల ఎత్తలేకపోయాను. ఆ పుస్తకాన్ని మా అమ్మాయి అంచులు మాత్రమే పట్టుకుని, ఎక్కడ జారవిడుస్తానోనని మెల్లమెల్లగా తీసుకెళ్ళింది.