ఫైలు 4117లో మార్పు

ఆ ఫ్యాక్టరీలో ప్రోగ్రాములు రాసే గది మేడ మీద ఉండేది. ఒక పక్క గోడంతా అద్దమే. కిందికి చూస్తే వరసగా మెషీన్లు, వాటి ముందు నీలం చొక్కాల ఆపరేటర్లు. ఇనుప దిమ్మెలో రంధ్రం ఎక్కడ పడాలి, టూల్ ఎంత లోతు దిగాలి, మళ్ళీ ఎంత ఎత్తు లేవాలి అన్నది ఈ గదిలో కూర్చుని రాసి పంపితే, కింద మెషీన్లు అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసేవి. తప్పు రాస్తే తప్పే చేసేవి.

గదిలో అయిదుగురు మనుషులు. అయిదుగురికీ కంప్యూటర్లో ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ కూడా చీటీ మీద రాసి ఒక తెర అంచుకి అంటించి ఉండేది, దారిన పోయేవాడు కూడా చదువుకునేలా. ఏ ఫైలు ఎవరు తెరిచినా, ఏ అంకె ఎవరు దిద్దినా అంతా ఒక్క పేరు మీదే పోయేది. అందరిదీ అంటే చివరికి ఎవరిదీ కాదు కదా.

ఎట్టకేలకు ఆ పద్ధతికి నీళ్ళొదిలారు. కొత్త సిస్టం వచ్చింది. ఎవరి పేరుతో వాళ్ళు లోపలికి వెళ్ళాలి. ఏం మార్చారో, ఎప్పుడు మార్చారో అదే రాసిపెట్టుకుంటుంది. పైగా, కారణం రాస్తే తప్ప ఫైలు సేవ్ చెయ్యనివ్వదు. మొదటి వారం గదిలో ఒకటే సణుగుడు. ఒకాయన ప్రతి మార్పుకీ కారణం దగ్గర "అవసరం" అని రాసి ఊరుకునేవాడు. ఇంకొకాయన "ఇన్‌చార్జి గారు చెప్పారు" అని రాసేవాడు, ఇన్‌చార్జి గారు సెలవులో ఉన్న రోజు కూడా.

రోజూ సాయంత్రం తీసిపెట్టిన పాత బ్యాకప్పులన్నీ తేదీల వరసన కొత్త సిస్టంలోకి ఎక్కించే పని ఆమెకి అప్పగించారు. గదిలో పాతకాపు ఆమే. తొమ్మిదేళ్ళ సర్వీసు. మొదటి రెండేళ్ళూ ఆమె పక్క కుర్చీ వాళ్ళ అన్నయ్యది.

ఆ ఉద్యోగంలో పెట్టించింది అన్నయ్యే. పని నేర్పిందీ అతనే. కొత్త ప్రోగ్రాం రాయగానే పెన్సిల్ పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో వరుసా పాటలా రాగం తీసి చదివేవాడు. ఎక్కడైనా గొంతు ఆగిందంటే అక్కడ తప్పుందని అర్థం. "చెవికి అడ్డం పడిందే, చూడు," అనేవాడు. అర మిల్లీమీటరుని గదిలో అందరూ చుక్క పెట్టి అయిదు వేసేవాళ్ళు. ఆమె మాత్రం చుక్కకి ముందు సున్నా కూడా పెట్టేది.

"మెషీన్‌కి చుక్క చాలు కదే. ఆ సున్నా ఎవరికి?" అని ఏడిపించేవాడు.

"నాకు. ఒంటి చుక్క నా కంటికి ఆనదు," అనేది.

ఇప్పుడా కుర్చీలో వేరే మనిషి కూర్చుంటున్నాడు. మంచివాడే. కానీ ఏడేళ్ళయినా, కష్టమైన చోటు తగలగానే "అన్నయ్యా, ఇది చూడు" అనబోయి ఆగిపోవడం ఆమెకి తప్పలేదు. రోడ్డు మీద అదే నడక ఎవరిదైనా కనిపిస్తే నాలుగడుగులు వేగంగా వేసి, మొహం చూసి వెనక్కి తగ్గేది. ఫోన్లో సందేశం రాసుకోవడం, చెరిపెయ్యడం. వదిన మాత్రం ఆర్నెల్లకోసారి "అందరం బాగున్నాం" అని ఒక ముక్క పంపేది. ఆ ముక్కనే పదిసార్లు చదువుకునేది.

ఏడేళ్ళ కిందట జరిగింది ఇదీ. 4117 అనే నంబరు ఫైలుతో ఒక పెద్ద దిమ్మె మెషీన్ మీద నడుస్తోంది. దాన్ని పట్టి ఉంచే బిగింపు దిమ్మె నడిమధ్యలో ఉంటుంది. ఒక రంధ్రం అయ్యాక టూల్ ఇరవై మిల్లీమీటర్లు లేచి, బిగింపు పైనుంచి దాటి రెండో రంధ్రానికి వెళ్ళాలి. ఆ రోజు అర మిల్లీమీటరే లేచింది. వెళ్ళి ఇనుప బిగింపుకి గుద్దుకుంది. టూల్ ముక్కలై, ఒక ముక్క తలుపు అద్దం పగలగొట్టుకుని వచ్చి ఆపరేటర్ ముంజేతిని చీల్చింది. తొమ్మిది కుట్లు పడ్డాయి. మెషీన్ నెల రోజులు మూలపడింది.

ఎవరు మార్చారని కంప్యూటర్‌ని అడిగితే అది అందరి పేరూ చెప్పినట్టే. ఇక మిగిలింది ప్రోగ్రాంతో పాటు మెషీన్ దగ్గరికి వెళ్ళే కాగితం. కాగితం మీద "సరిచూశాను" అన్న చోట అన్నయ్య సంతకం ఉంది. అన్నయ్య తెర ముందు నిలబడి ఆ వరుసని చాలాసేపు చూశాడు. తర్వాత, "నేను చూసుకోవాల్సింది. బాధ్యత నాది," అన్నాడు.

విచారణలో ఆమెనీ పిలిచి అడిగారు. అప్పటికి అన్నయ్యకి కొడుకు పుట్టి రెండు నెలలు. పసివాడు రాత్రంతా ఏడుపు. "మీ అన్నయ్య పొరపాటు పడే మనిషేనా?" అని అడిగితే, జాలిపడే చెప్పింది ఆమె. "ఈ మధ్య సరిగా నిద్రపోవట్లేదు సార్." ఆ మాట నివేదికలోకి ఎక్కింది. అన్నయ్య అది చదివాడు. మర్నాడు రాజీనామా ఇచ్చి, పెన్సిలు కూడా టేబుల్ మీదే వదిలేసి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చెల్లెలితో మాట్లాడలేదు. ఆమె పెళ్ళికి వచ్చాడు, ఫొటోలో నిలబడ్డాడు, వెళ్ళిపోయాడు. తప్పు చేసి, చెల్లెలి ముందు తల ఎత్తుకోలేకపోతున్నాడని ఆమె అనుకుంది. ఆ బిడియం ఎప్పటికి కరుగుతుందా అని ఎదురుచూస్తూ వచ్చింది.

బ్యాకప్పులు ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఒక మధ్యాహ్నం ఆ తేదీ దగ్గరికి వచ్చింది. ముందురోజు సాయంత్రం కాపీ, ఆ రోజు సాయంత్రం కాపీ పక్కపక్కన పెట్టి తేడా చూపించమంది. రెండువేల వరుసల్లో ఒక్కటే తేడా. పాత వరుస ఎర్రగా, కొత్తది పచ్చగా వచ్చింది. ఇరవై ఉన్న చోట అర. చుక్కకి ముందు సున్నా.

ఆ సున్నా వంక చూస్తూ ఉండిపోయింది. ఎవరైనా పెట్టొచ్చు, సున్నా ఎవడబ్బ సొత్తూ కాదు, అని సర్దిచెప్పుకుంది. అప్పుడు గుర్తొచ్చింది, ఆ వారం ఇన్‌చార్జి గారు తనకి చెప్పిన పని. "ఆ పలక ప్రోగ్రాంలో టూల్ ఊరికే అంతెత్తు లేస్తోందమ్మా, టైం దండగ. కాస్త తగ్గించు." ఆ పలకకి నడుమ బిగింపు లేదు. తగ్గించినా ప్రమాదం లేదు. తగ్గించినట్టు బాగా జ్ఞాపకం. ఆ ఫైలు నంబరు 4171.

4171 తెరిచింది. ఆ రోజు సాయంత్రం కాపీలో ఇరవై అలాగే ఉంది. మర్నాడూ ఇరవయ్యే. పది రోజుల తర్వాత అర అయింది. అదీ గుర్తుంది. "ఎవరో నా ఫైలు మీద పాతది ఎక్కించారు" అని విసుక్కుంటూ రెండోసారి మార్చింది. ఎవరూ ఎక్కించలేదు. మొదటిసారి ఆమె మార్చింది దాన్ని కాదు.

ఒకటి, ఏడు. ఏడు, ఒకటి. అంతే.

కింద మెషీన్ల దగ్గర ఆ ఆపరేటర్ ఇంకా పనిచేస్తూనే ఉన్నాడు. అద్దంలోంచి అతని ముంజేతి మీది మచ్చ కనపడదు. కానీ ఆమెకి అది తప్ప ఇంకేం కనపడలేదు.

ఇన్‌చార్జి గారి దగ్గరికి వెళ్ళి రెండు కాపీలూ ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"ఏడేళ్ళయింది. మానిన పుండుని ఇప్పుడెందుకమ్మా గోకడం? నిన్ను ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదు సార్. అప్పుడే ఎవరైనా ఇలా పక్కపక్కన పెట్టి చూసుంటే బాగుండేది."

ఆయన రెండు కాపీలూ ఒకదాని మీద ఒకటి సర్దాడు. "చూడాల్సింది నేను," అన్నాడు చివరికి. "మీ అన్నయ్య నాదే బాధ్యత అనగానే హమ్మయ్య అనుకున్నాను. నిజం చెప్తున్నా. ఇంక వెతకబుద్ధి కాలేదు."

ఆమె వెళ్ళి తన పేరుతో సిస్టంలోకి దిగింది. 4117 ఆ తేదీ కాపీకి వివరణ జోడించే గడి తెరిచి రాసింది. "ఈ ఎత్తు తగ్గించింది నేను. 4171 అనుకుని 4117లో మార్చాను. సరిచూసిన తర్వాత జరిగిన మార్పు ఇది. సంతకం పెట్టిన మనిషికి దీంతో సంబంధం లేదు." ఇన్‌చార్జి గారు కింద తన పేరు కూడా చేర్చాడు, చెప్పకుండానే. తర్వాత ఆమె కిందికి దిగి ఆపరేటర్‌కి చెప్పింది. అతను మచ్చ వంక చూసుకుని, ఆమె వంక చూసి, "మీ అన్న గారికి చెప్పారా మరి?" అని మాత్రం అడిగాడు.

ఆదివారం బస్సెక్కి వెళ్ళింది. అన్నయ్య ఇప్పుడు మొండిబారిన టూల్స్ సానబట్టే చిన్న షాపు నడుపుతున్నాడు. ఇల్లు దాని వెనకే. తలుపు తీసిన వదిన ఆమెని చూసి, ఏమీ అడక్కుండా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

అన్నయ్య జుట్టు సగం నెరిసింది. అది ఆమెకి ఎవరూ చెప్పలేదు. కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. ఆమె 4117లో తేడా చూపించే కాగితం తీసి ఇచ్చింది. అతను ఒక్క క్షణం చూసి తిరిగి ఇచ్చేశాడు.

"తెలుసు."

"ఎప్పటినుంచి?"

"ఆ రోజు నుంచే. సున్నా చూశాను కదా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నీ చేత్తో నువ్వు మార్చింది నీకు చెప్పేదేంటి?" గొంతు పైకి లేవలేదు. "కొత్తగా చేరిన పిల్లవి, భయపడ్డావు, రెండ్రోజులాగి నువ్వే ఒప్పుకుంటావు అనుకున్నా. అందాకా నా మీద వేసుకుంటే పోయేదేముంది అనుకున్నా. నువ్వేం చేశావు? అన్నయ్యకి నిద్ర లేదు అని చెప్పొచ్చావు."

ఆమె పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. "నాకు తెలీదు అన్నయ్యా. మొన్న మంగళవారం దాకా తెలీదు. ఆ మార్పు నీదే అనుకున్నా. నేను 4171 మార్చాననే అనుకున్నా."

"ఏంటి?"

4171లో మార్పులున్న రెండో కాగితం చూపించింది. ఈసారి అతను నిలబడే చదివాడు, పెదాలు కదుపుతూ, పాత రాగంలో కాకపోయినా ఒక్కో అంకె పైకి పలుకుతూ. రెండు నంబర్లూ చదివి ఆగిపోయాడు.

"నీకు తెలిసే నోరు కుట్టేసుకున్నావనుకున్నా," అన్నాడు. "ఏడేళ్ళూ అదే అనుకున్నా. ఉద్యోగం పోయినందుకు కాదే నా బాధ."

వంటింటి గుమ్మంలో వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. "ఎన్నిసార్లు మొత్తుకున్నాను, ఒక్కసారి అడగండి అని," అంది భర్తతో.

అన్నయ్య దగ్గరికి వచ్చి తల నిమురుతాడని ఆమె అనుకుంది. బస్సులో దారంతా అదే ఊహించుకుంది. అతను కిటికీ దగ్గరికి వెళ్ళి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు. "నాకు కొంచెం టైం కావాలి," అన్నాడు. "ఇన్నేళ్ళు కోపంతోనే కాపరం చేశాను. ఇప్పుడది లేదంటే ఏం చెయ్యాలో తోచట్లేదు. నువ్వు వెళ్ళు. నీ మీద కోపంతో చెప్పట్లేదు."

ఫ్యాక్టరీ నుంచి అతనికి ఉత్తరం వెళ్ళింది. తప్పు అతనిది కాదని, ఇష్టమైతే తిరిగి రావచ్చని. ఆ కుర్చీ వద్దని రెండు ముక్కల్లో జవాబు రాశాడు. ఆ సంగతి ఇన్‌చార్జి గారు చెప్పినప్పుడు ఆమె తలూపి తెర వైపు తిరిగింది. రాడని తెలుసు. అయినా అన్నయ్య ఇంటి నుంచి వచ్చాక నాలుగు వారాలూ మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయేవి.

అయిదో ఆదివారం ఆమె ఇంటి తలుపు తట్టి, అన్నయ్య తన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కూతురికి నాలుగేళ్ళు. ఎప్పుడో పెళ్ళి ఫొటోలో తప్ప చూడని మనిషిని కింది నుంచి పైకి చూసి, "అమ్మా, ఎవరో అంకుల్ వచ్చారు," అని కేకేసింది.

"అంకుల్ కాదే, మావయ్య," అంది ఆమె లోపలినుంచి వస్తూ.

"ఏదీ, అను," అన్నాడు అన్నయ్య వంగి.

"మావయ్య," అంది పిల్ల, అప్పజెప్పినట్టు. తర్వాత బావని లాక్కుని బొమ్మలు చూపించడానికి పోయింది.

అన్నాచెల్లెళ్ళు ఇద్దరే మిగిలారు. మాట్లాడాల్సింది ఇంత ఉంటే నోటికి వచ్చింది మాత్రం టూల్స్ ధరలు, వదిన మోకాళ్ళ నొప్పి, వాన. ఒక గంట కూర్చున్నాడు. లేచేటప్పుడు, "ఇంకా సున్నా పెడుతున్నావా?" అని అడిగాడు.

"పెడుతున్నా."

"పెట్టు," అన్నాడు.

బస్‌స్టాప్ దాకా వెళ్ళింది. పక్కపక్కనే నిలబడ్డారు, మధ్యలో పిల్లాడు. మళ్ళీ ఎప్పుడొస్తావని అడగాలని ఉంది. ఇప్పుడే ఇంత అడిగితే బెదురుతాడేమోనని ఊరుకుంది. బస్సు రావడం ఆలస్యమైతే బాగుండుననుకుంది. సరిగ్గా వేళకే వచ్చింది. పిల్లాణ్ణి ముందెక్కించి తనూ ఎక్కాడు, లోపల చోటు వెతుక్కుంటూ వెనక్కి చూశాడు, చెయ్యి ఎత్తబోయి పైనున్న కమ్మీ పట్టుకున్నాడు. బస్సు మలుపు తిరిగాక కూడా ఆమె కాసేపు అక్కడే ఉంది.